రాజనీతిశాస్త్రమునకు సంకెళ్లా?

రాజనీతిని బోధించువాడు రాజకీయములను గూర్చి మాటాడరాదట! వైద్యశాస్త్రము బోధించువాడు రోగముల పేరెత్తరాదనియు, వ్యవసాయశాస్త్రము బోధించువాడు పైరును పురుగు తినుచున్నదని చెప్పరాదనియు ఎవ్వరైన శాసించినచో లోకము నవ్వును. కాని రాజనీతిశాస్త్రాచార్యుని విషయమున అట్టి శాసనమే నేడు దేశభక్తి పేరిట చెలామణి యగుచున్నది. గత కొన్ని సంవత్సరములుగా మన విశ్వవిద్యాలయముల రాజనీతిశాస్త్ర శాఖలలో జరిగిన సంగతులను వరుసగా పేర్చి చూచినవారికి ఈ విషయము తెల్లము కాకపోదు. జాతీయపక్షమున నిలిచి వ్రాయు మేము దీనిని గూర్చి మౌనము వహించుట ధర్మము కాదని తలంచి ఈ మాటలు వ్రాయుచున్నాము.

మొదట జరిగినది జరిగినట్లు చెప్పెదము. 2025 ఏప్రిలు 22వ తేదీని కాశ్మీరమునందలి పహల్గాములో ముష్కరులు 26 మందిని పొట్టన పెట్టుకొనిరి. మే 7వ తేదీని మన సైన్యము ‘ఆపరేషన్ సిందూర్’ పేరిట ప్రతిక్రియ జరిపెను. ఆ వార్తలను దేశమునకు వినిపించినవారిలో కర్నలు సోఫియా ఖురేషీ, వింగు కమాండరు వ్యోమికా సింగు అను ఇరువురు స్త్రీలుండిరి. హర్యానాలోని సోనీపత్తునందు గల అశోకా విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్ర శాఖాధ్యక్షుడైన అలీ ఖాన్ మహ్మూదాబాద్ ఆ సందర్భమున ఫేస్‌బుక్కునందు తన యభిప్రాయమును వ్రాసెను. కర్నలు ఖురేషీని నేడు కొనియాడుచున్నవారు, గుంపుల చేతిలో హతులైనవారికిని, విచారణ లేక ఇండ్లు కూల్పబడినవారికిని గూడ రక్షణ కోరవలయుననియు, వేదికమీది దృశ్యము నేలమీద నిజము కానిచో అది కపటమే యగుననియు ఆయన వ్రాసిన దాని సారము.

దీనికి ఫలమేమి? హర్యానా రాష్ట్ర మహిళా సంఘము ఆయనకు తాఖీదు పంపెను. ఆ సంఘాధ్యక్షురాలి ఫిర్యాదుపై నొకటియు, ఒక గ్రామ సర్పంచి ఫిర్యాదుపై మఱియొకటియు, రెండు కేసులు పుట్టినవి. మే 18వ తేదీని పోలీసువారు ఢిల్లీలో ఆయనను నిర్బంధించిరి. దేశసమగ్రతకు భంగము కలిగించు నేరమునకు సంబంధించిన 152వ సెక్షను గూడ ఆయనపై మోపబడినది. మే 21వ తేదీని సుప్రీముకోర్టు తాత్కాలికముగా జామీను ఇచ్చెను. కాని ఆయన మాటల యర్థమును తేల్చుటకు ముగ్గురు ఐ.పి.యస్. అధికారులతో దర్యాప్తు సంఘమును నియమింపుమనెను, పాసుపోర్టు అప్పగింపుమనెను, కేసునకు సంబంధించిన విషయమును గూర్చి వ్రాయరాదనెను. జూలైలో ఆ దర్యాప్తు సంఘము దారి తప్పుచున్నదని ఆ న్యాయస్థానమే మందలింపవలసి వచ్చినది. ఆగస్టు 25వ తేదీ నాటికి ఒక కేసులో నేరము లేదని పోలీసులే నివేదించుటచే అది కొట్టివేయబడినది. రెండవ దానిలో వారు దాఖలు చేసిన అభియోగపత్రమును విచారణకు గైకొనరాదని క్రింది న్యాయస్థానమునకు ఉత్తరువైనది.

ఒక ఉపాధ్యాయుడు వ్రాసిన కొలది వాక్యముల అర్థమేమో తెలిసికొనుటకు మూడు మాసములు, ముగ్గురు పోలీసు అధికారులు, దేశమునందలి అత్యున్నత న్యాయస్థానము కావలసి వచ్చినవి! ఆయన వాక్యములు చదివి యర్థము చేసికొనుటకు చదువు వచ్చిన వానికి అరగంట చాలును. అర్థము తెలియకముందే చెఱసాల తలుపు తెరచిరి. అర్థము తెలిసిన పిమ్మట ఒక కేసును మూసిరి. మొదట శిక్ష, పిదప విచారణ అను ఈ పద్ధతిని ఏ రాజనీతి గ్రంథము సమర్థించునో మాకు తెలియదు. ఇంతకును 2025 మార్చి 28వ తేదీననే సుప్రీముకోర్టు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో స్పష్టముగా చెప్పియుండెను: పలికిన మాటలను దృఢచిత్తముగల వివేకవంతుల దృష్టితో కొలువవలయును గాని, ప్రతి మాటకును ఉలికిపడు దుర్బలుల దృష్టితో కాదని. ఆ తీర్పు వెలువడి రెండు నెలలైన గడువకముందే సోనీపత్తు పోలీసులు దానిని మరచిరి.

ఇది ఒక వ్యక్తికి జరిగిన కష్టమైనచో మేమింత వ్రాయనక్కర లేదు. అదే విశ్వవిద్యాలయమున 2021 మార్చిలో రాజనీతిశాస్త్రాచార్యుడును, మాజీ ఉపాధ్యక్షుడును అగు ప్రతాప్ భాను మెహతా తన పదవికి రాజీనామా నిచ్చెను. తనతోడి సంబంధము సంస్థకు రాజకీయముగా భారమని స్థాపకులతో జరిగిన సమావేశమున తనకు స్పష్టమైనదని ఆయన తన లేఖలో తెలియజేసెను. ఆయన పత్రికలలో వ్రాసిన విమర్శలు తప్ప వేరు నేరమేదియు ఆయనపై మోపబడలేదు. ఆ సంస్థలోనే రాజకీయ గణాంకములకై త్రివేది కేంద్రమను నొకటి వెలసి, మన లోకసభకును శాసనసభలకును జరిగిన ఎన్నికల ఫలితములను అభ్యర్థి వారీగా ప్రోగుచేసి, ఎవ్వరైనను ఉచితముగా చూచుకొనునట్లు బయలుపరచినది. ఏ నియోజకవర్గమున ఎవ్వరు నిలిచిరో, ఎన్నిసారులు పార్టీ మారిరో, ఎన్ని వోట్లు వచ్చెనో పల్లెలోని విలేఖరి సైతము తెలిసికొనగలుగుట ప్రజాస్వామ్యమునకు సామాన్యమైన యుపకారము కాదు. దానికి వ్యవస్థాపక సంచాలకుడైన రాజనీతి శాస్త్రజ్ఞుడు 2022లో సంస్థను వీడెను. దాని శాస్త్ర సలహాసంఘమువారును తప్పుకొనిరి. కష్టపడి సాధించిన ఘనకార్యమొక వైపు, దానిని సాధించినవారు ఒకరి తరువాత ఒకరు నిష్క్రమించుట మఱియొక వైపు! ఏ కర్షకుడైనను పండిన చేనిలోనుండి పాలికాపులనే తరిమివేయునా?

ప్రభుత్వ విశ్వవిద్యాలయముల స్థితియు ఇంతకంటె మేలుగా లేదు. 2023 మే నెలలో ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యాపరిషత్తు బి.ఏ. రాజనీతిశాస్త్ర పాఠ్యక్రమమునుండి మహమ్మద్ ఇక్బాలును గూర్చిన పాఠమును తొలగింప తీర్మానించెను. ఇక్బాలు 1930లో అలహాబాదున చేసిన యుపన్యాసమును మేమును మెచ్చువారము కాము. దేశవిభజనకు దారితీసిన భావములలో దానికి గల స్థానమును మేము మరువలేదు. కాని మెచ్చనిదానిని చదువరాదనుట ఎక్కడి న్యాయము? విషమును గుర్తింపనేరని వైద్యుడు రోగిని కాపాడగలడా? విభజన ఎందులకు జరిగెనో, సారే జహాన్‌సే అచ్ఛా వ్రాసిన చేయియే ముస్లిములీగు వేదిక నెక్కి వేరొక మాట ఎందులకు పలికెనో తెలియని విద్యార్థి అట్టి విపత్తు మరల వచ్చినపుడు దాని అడుగుల చప్పుడు వినగలడా? శత్రువాదమును ఖండింపవలెనన్న దానిని శత్రువుకంటె బాగుగ చదువవలయును. మన పూర్వమీమాంసకులును, వేదాంతులును పూర్వపక్షమును సమగ్రముగ వినిపించిన పిదపనే సిద్ధాంతమును స్థాపించిరి. పూర్వపక్షమును చింపివైచి సిద్ధాంతము గెలిచినదని చాటుట పండితలక్షణము కాదు.

ఆ సంవత్సరమే జూనులో యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్శీకర్ అను రాజనీతి శాస్త్రజ్ఞులు, ఉన్నతపాఠశాలల రాజనీతి పాఠ్యపుస్తకములనుండి ముఖ్యసలహాదారులుగా నున్న తమ పేర్లను తొలగింపుడని జాతీయ విద్యాపరిశోధన మండలికి వ్రాసిరి. తమ్ము సంప్రదింపక పుస్తకములలోని భాగములను కత్తిరించుచున్నారనియు, ఆ రూపమున అవి తమ పేరు మోయదగినవి కావనియు వారి వాదము. పుస్తకము వ్రాయించినవారే సిగ్గుపడి తమ పేరు తీసివేయుడని వేడుకొను స్థితి వచ్చినదన్నచో, ఆ పుస్తకమును చదువు బాలురకు మనమేమి సమాధానము చెప్పగలము?

ఇది యొక పార్టీవారి దోషమని తలంచి తెలుగువారు ఊరడిల్ల నక్కరలేదు. మన ఇంటి సంగతియు చూచుకొందము. ఉస్మానియా విశ్వవిద్యాలయ రాజనీతిశాస్త్రాచార్యుడైన కోదండరాము 2009 నుండి తెలంగాణ సంయుక్త కార్యాచరణ సమితికి అధ్యక్షుడై ఉద్యమమును నడిపెను. 2014 జూను 2వ తేదీని రాష్ట్రమేర్పడినది. ఒక శాఖ తన దేశమునకు చేయగల సేవ ఇంతకంటె ఏమున్నది? కాని 2017 ఫిబ్రవరి 22వ తేదీని, నిరుద్యోగుల ప్రదర్శన జరుగవలసిన నాడు, తెల్లవారకముందే ఆ కొత్త రాష్ట్రపు పోలీసులే ఆయన ఇంటి తలుపు పగులగొట్టి ఆయనను పట్టుకొనిపోయిరి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రమును బోధించిన హరగోపాలు, 2011లో ఒడిశాయందును, 2012లో ఛత్తీసుగఢునందును మావోయిస్టులు కలెక్టర్లను చెరపట్టినపుడు మధ్యవర్తిగ నిలిచినవారిలో నొకడు. అట్టి వృద్ధాచార్యుని పేరు 2022లో ములుగు జిల్లా తాడ్వాయి పోలీసు ఠాణాలో చట్టవిరుద్ధ కార్యకలాపముల నివారణ చట్టము క్రింద నమోదైన కేసులో 152 మంది సరసన చేరినది! 2023 జూనులో ఆ సంగతి బయటపడి కలవరము రేగిన పిదప ముఖ్యమంత్రి కేసును ఉపసంహరింపుమని యాజ్ఞాపించెను. కేసు పెట్టినపుడు ఏ ఆధారముండెను? తీసినపుడు ఆ ఆధారము ఎక్కడికి పోయెను? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము ప్రజలకు దొరకలేదు. ఢిల్లీలో ఒక పార్టీ, హైదరాబాదులో మఱియొక పార్టీ. జెండాలు వేరు, ఠాణా ఒక్కటే.

జాతీయత పేరిట ఇది సాగుచున్నది గనుక జాతీయవాదులమగు మేము మా పూర్వచరిత్రను జ్ఞాపకము చేయక తప్పదు. 1907లో బిపిన చంద్రపాలు రాజమహేంద్రవరమునకు వచ్చి యుపన్యసించిన తరుణమున వందేమాతర చిహ్నమును ధరించిరను నేరమునకు ట్రెయినింగు కాలేజీ విద్యార్థులు బహిష్కృతులైరి. వారిలో నొకడగు గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలోని వ్రాతకుగాను రాజద్రోహ నేరమున చెఱసాల కేగెను. 1938లో ఉస్మానియా విద్యార్థులు వసతిగృహములలో వందేమాతరము పాడిరని వెళ్లగొట్టబడగా, నాగపూరు విశ్వవిద్యాలయము వారిని చేర్చుకొని తన గౌరవమును నిలుపుకొన్నది. అన్నిటికంటె గొప్ప పాఠము మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుది. 1926లో స్థాపితమైన యా సంస్థకు తొలి ఉపాధ్యక్షుడైన కట్టమంచి రామలింగారెడ్డి, 1930లో ప్రభుత్వము ఉప్పు సత్యాగ్రహులపై సాగించిన దమననీతిని సహింపజాలక తన పదవిని త్యజించెను. నాలుగేండ్ల ప్రాయపు విశ్వవిద్యాలయము. భవనములకు ధనము కావలెను, ప్రభుత్వానుగ్రహము కావలెను. అయినను ఆయన పదవికంటె మానమే మిన్నయని యెంచెను. దానిచే విశ్వవిద్యాలయము కూలిపోలేదు. 1936లో ఆయనయే తిరిగి వచ్చి 1949 వరకు దానిని పెంచెను. అక్కడనే చరిత్ర, అర్థశాస్త్ర, రాజనీతులను బోధించిన మామిడిపూడి వెంకటరంగయ్య పిదప నాలుగు సంపుటములుగా ఆంధ్రదేశ స్వాతంత్ర్యసమర చరిత్రను సంతరించెను. స్వేచ్ఛగల శాఖ ఎట్టి ఫలము నిచ్చునో దీనివలన తెలియగలదు.

ఆనాడు మనలను బంధించిన రాజద్రోహపు సెక్షను 1870లో పరప్రభువులు చేర్చినది. 2022 మే నెలలో సుప్రీముకోర్టు దాని అమలును నిలిపినది. 2024 జూలై 1 నుండి కొత్త న్యాయసంహిత వచ్చి, రాజద్రోహమను పేరు పోయినది. సంతోషమే! కాని ఆ సంహితలోని 152వ సెక్షనే మరుసటి యేట ఒక ఆచార్యుని ఇంటి తలుపు తట్టినది. పాముకు కుబుసము మారినచో కోర మారునా?

ఇక ప్రతిపక్షుల వాదమును విందము. “యుద్ధసమయమున సైన్యము వెనుక దేశమంతయు ఒక్కతాటిపై నిలువవలదా? అప్పుడు విమర్శ తగునా?” అని వారందురు. నిలువవలసినదే. కాని ఒక్కతాటిపై నిలుచుట వేరు, ఒక్కతాటితో కట్టబడుట వేరు. మహ్మూదాబాద్ వ్రాసిన ప్రతి మాటయు మాకు సమ్మతమని మేమనుట లేదు. యుద్ధకాలమున మాటకు తగిన పాళము చూచుకొనవలయునని మేమును ఒప్పుకొందుము. ఆ మాట తప్పైనచో దానిని ఖండించుటకు వేయి పత్రికలున్నవి, లక్ష వేదికలున్నవి. మాటకు మాట బదులు. మాటకు సంకెల బదులు కాదు. సైనికుడు సరిహద్దున కాపాడునది కేవలము నేలను కాదు. ఆ నేలపై మనము ధైర్యముగ మాటాడుకొను హక్కును గూడ. ఆ హక్కును లోపల హరించి సరిహద్దున దానికై ప్రాణములిమ్మని సైనికుని కోరుట అతనికి చేయు గౌరవము కాదు.

“ప్రజల ధనముతో జీతము తినువారు ప్రభుత్వమును దూషింపవచ్చునా?” అని కొందరందురు. మొదటిది, అశోకా విశ్వవిద్యాలయము ప్రైవేటుది. రెండవది, ప్రజల ధనము ప్రజలది, ప్రభుత్వముది కాదు. ధృతరాష్ట్రుని కొలువున నుండియే విదురుడు ఆయనకు రుచింపని హితమును చెప్పెను. ఆ మాట వినియుండినచో కురుక్షేత్రము లేకపోయెడిది. అంపశయ్యపై నున్న భీష్మునినుండి ధర్మరాజు రాజధర్మమును వినెను. గెలిచిన రాజు ఓడిన పక్షపు సేనాపతికడ పాఠము నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున విద్యలను నాలుగుగా విభజించి, దండనీతిని అందొకటిగా చేర్చి, అన్వీక్షికిని, అనగా తర్కించి పరిశీలించు విద్యను, సర్వవిద్యలకు దీపముగా పేర్కొనెను. శ్రీకృష్ణదేవరాయలు సైతము ఆముక్తమాల్యదయందు రాజనీతికి చోటిచ్చెను. మన సంస్కృతిని పొగడుచునే మన రాజనీతి బోధకుల నోళ్లు కట్టువారు, దీపము నార్పి దేవాలయమునకు సున్నము కొట్టువారు.

ప్రభుత్వములనే నిందించి ఊరకుండుట మా యుద్దేశము కాదు. విశ్వవిద్యాలయముల దోషమును తక్కువ కాదు. తమ శాఖాధ్యక్షుడు చిక్కులో పడగానే అశోకా అధికారులు చేసిన తొలి ప్రకటన, ఆయన వ్రాతలు ఆయన సొంతమనియు, సంస్థ యభిప్రాయములు కావనియు. జామీను వచ్చిన పిదప సంతోషము తెలిపిరి. గాలివాన వెలిసిన పిదప గొడుగు పట్టుట యన నిదియే! ఆయన పక్షమున మొదటనే నిలిచినవారు తోడి ఉపాధ్యాయులును విద్యార్థులును. వారికి మా జోహారులు.

తెలుగుదేశమున వ్యాధి మఱియొక రూపమున నున్నది. ఇక్కడ నోళ్లు కట్టనక్కర లేదు, నోళ్లే కరవు. విరమించిన ఆచార్యుల స్థానములు ఏండ్ల తరబడి ఖాళీగనే యుండును. తెలంగాణమున విశ్వవిద్యాలయ నియామకములకై ఉమ్మడి మండలి నేర్పరచు బిల్లును శాసనసభ 2022 సెప్టెంబరులో ఆమోదించినను, అది రాజభవనమున అనుమతి లభింపక నిలిచిపోయెను. ఈలోపల పాఠము చెప్పువాడు కాంట్రాక్టు ఉపాధ్యాయుడు, లేదా గంటల లెక్కను కూలి పొందు అతిథి యుపన్యాసకుడు. వచ్చు సంవత్సరము తన కొలువుండునో ఊడునో యెరుగనివాడు అధికారులకు రుచింపని సత్యమును చెప్పగలడా? పోలీసులు లేకయే వాని నోరు మూయబడినది. వాని విద్యార్థియో, గైడు పుస్తకములోని ప్రశ్నోత్తరములు వల్లించి, రాజ్యాంగమును ఒక్కమారైన తెరచి చూడకయే పట్టము పుచ్చుకొని, ఉద్యోగ పరీక్షల శిక్షణాలయమున చేరుచున్నాడు. రాజనీతిశాస్త్రమును ఎన్నుకొనువాడు వేరు శాస్త్రమున చోటు దొరకనివాడను అపవాదము మన కాలేజీలలో ప్రబలినది. పౌరుని తీర్చవలసిన శాస్త్రమునకు పట్టిన గతి యిది!

కావున మా కోరికలు స్పష్టముగ చెప్పుచున్నాము. మాటను గూర్చిన ఫిర్యాదు వచ్చినపుడు, ఆ మాటను చదివి అర్థము చేసికొనకముందు పోలీసులు ఎవ్వరిని నిర్బంధింపరాదు. పాఠ్యక్రమమునుండి ఒక గ్రంథకర్తను తొలగింపవలెనన్నచో, దానిని బోధించు శాఖవారి వాదమును బహిరంగముగ విని, కారణములు వ్రాతమూలకముగ ప్రకటింపవలయును. తమ ఉపాధ్యాయుడు చట్టబద్ధముగ వెల్లడించిన అభిప్రాయమునకై వేధింపబడినపుడు అతని హక్కును సంస్థ మొదటి దినముననే సమర్థింపవలయును. అభిప్రాయముతో ఏకీభవింపకున్నను సరే. ఉభయ తెలుగు రాష్ట్రములును తమ విశ్వవిద్యాలయముల ఖాళీలను శాశ్వత నియామకములతో నింపవలయును. భయములేని జీతము లేనిచోట భయములేని పాఠముండదు.

మా పాఠకులకును ఒక పని గలదు. గ్రంథాలయోద్యమము తెలుగువారి సొత్తు. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరుపుకొన్న జాతి మనది. ఆ దినములలో పఠనాలయములే రాజనీతి పాఠశాలలు. పత్రిక వచ్చిన దినమున ఒకడు చదువ పదిమంది వినెడివారు, వినినదానిపై వాదించెడివారు. నేడును ప్రతి పఠనాలయమువారు తమ ఊరి కాలేజీ రాజనీతిశాస్త్ర ఉపాధ్యాయుని నెలకొకమారు పిలిచి, రాజ్యాంగముపైనను, నడచుచున్న వ్యవహారములపైనను ఉపన్యాసము చేయింపుడు. ఆయనతో ఏకీభవింపనివాడు లేచి ప్రశ్నించుగాక. ఉపాధ్యాయునకు ఎదుట శ్రోతలున్నచో వెనుక ధైర్యముండును. ఒంటిగ నున్నవానిని పట్టుట ఠాణాకు సులభము. ఊరంతయు ఎరిగినవానిని, ఊరంతయు విన్నవానిని పట్టుట సులభము కాదు.

స్వరాజ్యము కోరిన నాడు మనము కోరినది పరుల చేతి సంకెలను మనవారి చేతికి మార్చుట కాదు, సంకెలనే విరుచుట. ఆ ప్రతిజ్ఞ చెల్లినదా లేదా యని అడుగు హక్కు ప్రతి పౌరునకు గలదు. అడుగుట నేర్పు బాధ్యత రాజనీతిశాస్త్ర శాఖది. అడుగుట నేర్పినవానినే నేరస్థుని చేయు ప్రభుత్వము, దాని జెండా ఏ రంగుదైనను, జాతీయ ప్రభుత్వమని పేరు చెప్పుకొనుటకు తగదు.